బర్మా సరిహద్దుకి కంచె సరే, అవతల గేటు ఎవరి చేతిలో ఉంది?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. మయన్మార్ సరిహద్దు 1,643 కిలోమీటర్ల పొడవునా కంచె, పక్కనే రోడ్డు, మొత్తం 31,000 కోట్ల ఖర్చు అని చదివిన దగ్గర్నుంచీ ఒక సందేహం తొలిచేస్తోంది. పాకిస్తాన్ వైపు కంచె అంటే అర్థముంది. అవతల ఒక ప్రభుత్వం, ఒక సైన్యం, తిట్టుకోడానికైనా ఒక చిరునామా ఉన్నాయి. బర్మాలో ఏ ఊరు ఎవరి చేతిలో ఉందో చూద్దామని పేపరు తీస్తే కేఐఏ, టీఎన్‌ఎల్‌ఏ, ఎంఎన్‌డీఏఏ... మా వాడి కెమిస్ట్రీ పుస్తకంలా ఉంది. తెలిసినవాళ్లు తీరిగ్గా చెప్పండి. వాట్సాప్ ఫార్వార్డులు మాత్రం వద్దు, దండం పెడతాను.

సూటిగా_చెప్తా:
ఇందులో తెలియనిదేముంది గురూ. కంచె వెయ్యాలి, కరెంటు పెట్టాలి. అయిపోయింది.

మ్యాపుల_పిచ్చోడు:
గోదారి గారూ, అక్షరాల సంగతి వదిలేయండి. ముందు ఒక్క విషయం పట్టుకుంటే మిగతాది దారిలో పడుతుంది. తిరుగుబాటు అనగానే మనకు అడవిలో వంద మంది, భుజాన తుపాకీ, రాత్రి ఊళ్లోకొచ్చి అన్నం తిని పోవడం గుర్తొస్తాయి. బర్మాలో అలా కాదు. ఉదాహరణకి చైనా పక్కనున్న వా ప్రాంతం తీసుకోండి. వాళ్లకి 20 వేలకు పైగా సైన్యం, సొంత కోర్టులు, సొంత జైళ్లు, బండ్లకి సొంత నంబరు ప్లేట్లు. చెల్లేది చైనా యువాన్. ఫోన్ సిగ్నల్ చైనాది. గోడ మీది గడియారం కూడా చైనా టైమే చూపిస్తుంది. దేశం పటంలో మాత్రం అది మయన్మార్.

ఇదంతా ఇవాళ మొదలైంది కాదు. 1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్‌లో బర్మా స్వాతంత్ర్య నాయకుడు అంగ్ సాన్ కూర్చుని షాన్, కచిన్, చిన్ పెద్దలతో ఒప్పందం చేసుకున్నాడు. మీ కొండల్ని మీరే ఏలుకోండి, అందరం కలిసి స్వాతంత్ర్యం అడుగుదాం అని. ఆ జులై 19న ఆయన్ని చంపేశారు. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం వచ్చింది, మూణ్ణెల్లు తిరక్కుండా కమ్యూనిస్టులు తుపాకీ పట్టారు, మరుసటి జనవరికి కరెన్‌లు. 1961లో కచిన్‌లు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ గద్దెనెక్కి, ఫెడరల్ అన్న మాట ఎత్తితేనే దేశద్రోహం అన్నాడు. అంటే ఆ దేశానికి స్వాతంత్ర్యం వయసెంతో అంతర్యుద్ధం వయసూ దాదాపు అంతే.

ఇక మన వైపు లెక్క: అరుణాచల్ 520, నాగాలాండ్ 215, మణిపూర్ 398, మిజోరం 510 కిలోమీటర్లు. వాళ్లకి మనం ఒక పక్కే. చైనా, థాయ్‌లాండ్‌లతో వాళ్ల సరిహద్దు ఒక్కొక్కటీ మనదానికంటే పొడవు. మిగతా రెండు పక్కలా బంగ్లాదేశ్, లావోస్.

సిక్కోలు_ఫౌజీ:
మ్యాపుల తమ్ముడు బాగా రాసినాడు. నేను అస్సాం రైఫిల్స్‌లో చేసి వచ్చినవాణ్ణి, మణిపూర్‌లో సరిహద్దు ఊరు మోరే వైపు రెండేళ్లు ఉన్నాను. కాయితం మీద లేనివి రెండు ముక్కలు నేను చెప్తాను.

ఒకటి. సరిహద్దు అంటే సినిమాల్లో లాగా గీత ఉండదు. ఓ కొండ మీద సిమెంటు స్తంభం, దానికి నంబరు. మళ్లీ స్తంభం కనబడాలంటే లోయలోకి దిగి ఎక్కాల. మధ్యలో ఒకడి పోడు చేను. సగం ఇటు, సగం అటు. నాగాలాండ్‌లో లోంగ్వా ఊళ్లో అయితే రాజుగారి ఇంటి మధ్య నుంచే గీత పోతాది. పొయ్యి ఒక దేశం, పడక ఒక దేశం. అందుకే పాస్‌పోర్టు లేకుండా 16 కిలోమీటర్ల లోపలికి వెళ్లి రావొచ్చని పాత పద్ధతి ఉండేది. 2024లో దాన్ని తీసేస్తున్నాం అన్నారు, తర్వాత 10 కిలోమీటర్లకి కుదించి పాసులు పెట్టినారు.

రెండోది. మా కంపెనీ పోస్టు సరిహద్దు మీద లేదు, బాగా లోపలికి ఉంది. ఎందుకంటే మా పనిలో సగమే కాపలా, మిగతా సగం లోపల తిరిగే గ్రూపుల వెంట. ఒక రోజు ఇంఫాల్ నుంచి వచ్చిన లారీ ఆపి చూస్తే డ్రైవరు చొక్కా జేబులోంచి మూడు రసీదులు తీసినాడు. అన్నీ నీటుగా అచ్చేసినవే, నంబరు ఉంది, తారీఖు ఉంది, ముద్ర ఉంది. మూడు వేర్వేరు సంస్థలు. "సార్, ఇవి ఉంటే ఇంకెవరూ అడగరు" అన్నాడు. మా చెక్‌పోస్టులో ఇచ్చే చీటీ కంటే వాటికే వాడు ఎక్కువ భద్రం చేస్తన్నాడు. అప్పటికి నవ్వుకున్నాం గానీ, ఆ రసీదులు చూసినాకే నాకు ఆ ప్రాంతం అర్థమైంది.

గోదారి_గట్టు:
ఫౌజీ బాబాయ్, ఆ రసీదుల మాట అదిరింది. అంటే ఇటు వైపే ఇలా ఉంటే అటు ఇంకెలా ఉంటుందో!

బర్మాక్యాంపు_మనవడు:
మోరే పేరు వినగానే ఆగలేకపోయాను. మాది విశాఖ, కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు. మా ముత్తాత కాకినాడ పక్క కోరంగి రేవు నుంచి ఓడెక్కి రంగం వెళ్లాడు. రంగూన్‌ని మనవాళ్లు రంగం అనేవారు కదా. అక్కడివాళ్లు తెలుగు కూలీలందర్నీ కలిపి "కొరంగీ"లు అనేవారట, రేవు పేరే కులం పేరైపోయింది. 1930 మే నెలలో రంగం రేవులో బర్మా కూలీలకీ మనవాళ్లకీ కొట్లాటలయ్యాయి. చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది తెలుగు కూలీలే.

1942లో జపాన్ వాళ్లు బాంబులేస్తే జనం నడిచి ఇండియా బయల్దేరారు. బర్మా వైపు తము నుంచి మోరే మీదుగా ఇంఫాల్ వచ్చే దారి వాటిలో ఒకటి. మా తాత అప్పటికి తొమ్మిదేళ్లవాడు. తెల్లోళ్లకి ఒక బాట, నల్లోళ్లకి ఒక బాట ఉండేవని, మంచి నీళ్లు దొరికే బాట మనది కాదని చెప్పేవాడు. యుద్ధమయ్యాక మళ్లీ రంగమే వెళ్లారు. 1964లో నే విన్ కొట్లన్నీ ప్రభుత్వపరం చేసి, 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నాడు. మళ్లీ ఓడ. ఈసారి విశాఖ రేవు, క్యాంపు.

మోరేలో తమిళులు ఎందుకున్నారో తెలుసా? అలా తిరిగొచ్చినవాళ్లలో కొందరు ఇక్కడ కుదురుకోలేక, నడిచి మళ్లీ బర్మా పోదామని బయల్దేరితే సరిహద్దులో ఆపేశారు. అటూ పోలేక ఇటూ రాలేక గేటు దగ్గరే ఊరు కట్టుకున్నారు. గుడి ఉంది, ఇడ్లీ దొరుకుతుంది.

సిక్కోలు_ఫౌజీ:
అవును నాయినా, ఆ ఇడ్లీ నేనూ తిన్నాను. రెండో నంబరు గేటు దాటితే నమ్‌ఫాలాంగ్ బజారు. చైనా కంబళ్లు, చెప్పులు, గిన్నెలు. ఆడవాళ్లు నెత్తి మీద మూటలతో రోజుకి పది సార్లు అటూ ఇటూ తిరిగేవాళ్లు. కోవిడ్‌కి గేటు మూసినారు, 2021లో అక్కడ సైనిక కుట్ర, 2023 మే నెలలో ఇక్కడ మణిపూర్ అల్లర్లు. ఆ ఊళ్లో ఎన్ని ఇళ్లు కాలినాయో తలుచుకుంటే మనసు బాగోదు.

ఐజ్వాల్_లక్ష్మి:
నేను బ్యాంకు ఉద్యోగం మీద ఐజ్వాల్‌లో మూడేళ్లు ఉన్నాను. మిజోరం సరిహద్దు ఊరు జోఖావ్‌తార్ రెండుసార్లు వెళ్లాను. సరిహద్దు అంటే అక్కడ తియావ్ ఏరు. ఎండాకాలం మోకాలి లోతు. మన పల్లెల్లో కాలవ దాటినట్టు చీర కాస్త ఎత్తి దాటేయొచ్చు. వంతెన మీద ఒక పోలీసు నిలబడి ఉంటాడు, కింద నీళ్లలోంచి నలుగురు దాటుతుంటారు, ఆయన చూస్తుంటాడు.

మిజోలకి, అటువైపు చిన్ ప్రజలకి భాష, చర్చి, చుట్టరికం అన్నీ ఒకటే. చనిపోయిన ఆత్మలు రిహ్ దిల్ అనే సరస్సు మీదుగా పోతాయని వాళ్ల పాత నమ్మకం. ఆ సరస్సు సరిహద్దు దాటి నాలుగడుగులు వేస్తే వస్తుంది, బర్మాలో ఉంది. "మిజోరంలో అతి పెద్ద చెరువు బర్మాలో ఉంది" అని వాళ్లే నవ్వుతూ చెబుతారు. అందుకే 2021 తర్వాత 30 వేలకు పైగా చిన్ శరణార్థులు వస్తే ఢిల్లీ వద్దన్నా ఐజ్వాల్ పంపించలేదు. మా బ్రాంచిలో పనిచేసే అమ్మాయి ఇంట్లోనే ఒక కుటుంబం ఉండేది. "మా పెద్దమ్మ మనవలు" అంది, నిజంగానే పెద్దమ్మ మనవలు.

2023 నవంబరులో ఇంకో విచిత్రం. చిన్ దళాలు ఏటికి అవతల రిహ్‌ఖావ్‌దార్ దగ్గర సైనిక శిబిరం పట్టేసుకుంటే, బర్మా సైనికులే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మిజోరంలోకి పారిపోయొచ్చారు. మనవాళ్లు వాళ్లని విమానంలో మోరే తీసుకెళ్లి అక్కడ అప్పగించారు. తర్వాతి జనవరిలో ఇంకొన్ని వందల మంది. వాళ్లని తీసుకుపోడానికి వచ్చిన బర్మా విమానం 23వ తేదీన ఐజ్వాల్ విమానాశ్రయం లెంగ్‌పుయి రన్‌వే మీంచి జారి పొదల్లో పడింది. ఊరంతా అదే కబురు.

ఇంకోటి చెప్పాలి, అందరూ చిన్ దళాలంటే ఒకటే అనుకుంటారు. 2025 జులైలో అదే రిహ్‌ఖావ్‌దార్ దగ్గర రెండు చిన్ దళాలు తమలో తామే కాల్చుకున్నాయి. వేల మంది మళ్లీ ఏరు దాటారు. గొడవ దేనికంటే, ఆ ప్రాంతం, ఆ రోడ్డు మీద వ్యాపారం ఎవరి అదుపులో ఉండాలని.

గోదారి_గట్టు:
అంటే ఫౌజీ బాబాయ్ చెప్పిన రసీదే మళ్లీ.

ఐజ్వాల్_లక్ష్మి:
అంతే అండీ.

ఓరుగల్లు_విను:
ఇక్కడ ఒక పోలిక మనకు దగ్గరిది. బర్మా సైన్యం 1960ల నుంచి "నాలుగు కోతలు" అని ఒక పద్ధతి నడిపింది, బర్మీస్‌ల ఫ్యత్ లే ఫ్యత్ అంటరు. తిండి, డబ్బు, సమాచారం, కొత్త మనుషులు, ఈ నాలుగూ తిరుగుబాటుదారులకు అందకుండ కోసెయ్యాలె. చెప్పుకోనీకి పద్ధతిగనే ఉంటది. చేసేది ఏందంటే, ఊర్లు ఖాళీ చేయించుడు, ధాన్యం కాలబెట్టుడు. మా దగ్గర 80లు, 90ల్ల పల్లెల్ల మనుషులు ఇటు పోలీసులకు అన్నం పెడితే అటు భయం, అటు పెడితే ఇటు భయం. మా అమ్మమ్మ వండిన గిన్నెలు రాత్రికి రాత్రి దాచిపెట్టేది. ఆ నాలుగు కోతలు చదివినప్పుడు ఆ గిన్నెలే యాదికొచ్చినయి.

ఇంకో పోలిక. 2015 అక్టోబరు 15న బర్మాల దేశవ్యాప్త కాల్పుల విరమణ అని సంతకాలు చేసిండ్రు. ఎనిమిది గ్రూపులే చేసినయి, పెద్దయి దూరం ఉన్నయి. మన దగ్గర 2004 అక్టోబరుల హైదరాబాద్‌ల నక్సలైట్లతోని చర్చలు జరిగినయి గద. అక్కడ గూడ, ఇక్కడ గూడ ముడి పడ్డది ఒక్క దగ్గరనే: తుపాకులు ముందు దించాల్నా, మాటలు ముందు కావాల్నా.

మ్యాపుల_పిచ్చోడు:
విను అన్నా, పోలిక మొదటి సగం ఒప్పుకుంటాను, రెండో సగం దగ్గర ఆగాలి. మన తెలుగు పల్లెల మీద ప్రభుత్వం ఎన్నడూ విమానంతో బాంబులెయ్యలేదు. 2023 ఏప్రిల్ 11న సగాయింగ్‌లో పజీజీ అనే ఊళ్లో, సైనిక పాలన మీద తిరగబడ్డ పీడీఎఫ్ దళం వాళ్లు ఆఫీసు ప్రారంభించుకుంటుంటే జెట్ విమానం బాంబులేసింది. 150 మందికి పైగా పోయారు, అందులో పిల్లలు. ఇప్పుడు ఇంకా చవక మార్గం కనిపెట్టారు. మోటారు బిగించిన పారాచూట్ మీద ఒక సైనికుడు ఎగురుతూ వచ్చి చేత్తో బాంబు విసిరి పోతాడు. 2025 అక్టోబరులో చాంగ్-ఊలో పండగ రోజు దీపాలు పట్టుకుని జనం గుమిగూడితే అలాగే వేశారు.

ఇంకో తేడా, నా దృష్టిలో అసలు తేడా: సగాయింగ్ కొండ జాతుల చోటు కాదు. నడిబొడ్డు బర్మన్ బౌద్ధ రైతుల ప్రాంతం. సైన్యంలోకి కుర్రాళ్లు వెళ్లేదే అక్కడ్నుంచి. 2021 ఫిబ్రవరి 1 కుట్ర తర్వాత ఆ కుర్రాళ్లే ఎదురు తిరిగారు. మన లెక్కలో చెప్పాలంటే తిరుగుబాటు బస్తర్‌లో కాకుండా కోనసీమలో పుట్టింది.

ఓరుగల్లు_విను:
కోనసీమ పోలిక మంచిగున్నది. సరే, రెండో సగం వాపస్ తీస్కుంటున్న. గిన్నెల ముచ్చట మాత్రం తీస్కోను.

సూటిగా_చెప్తా:
ఇవన్నీ సరేనండీ. హైదరాబాద్ బాలాపూర్‌లో రోహింగ్యాలు వేల మంది ఉన్నారు. వాళ్ల సంగతి ఎవరూ ఎత్తరే? అందుకే కంచె అంటున్నా.

నిర్వాహకుడు:
ఆ విషయం ఎత్తొచ్చు. మనుషుల్ని పురుగులతో పోలుస్తూ ఒకరు రాసిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. మూడోసారి ఐడీనే తీసేస్తాను.

మ్యాపుల_పిచ్చోడు:
సూటిగా గారూ, బాలాపూర్ వాళ్లు వచ్చింది మోరే గేటు నుంచో తియావ్ ఏటి మీదుగానో కాదు. వాళ్ల ఊళ్లు అరకాన్‌లో, ఇప్పటి పేరు రఖైన్, బంగ్లాదేశ్ అంచున, నాఫ్ నది పక్కన. దాదాపు అందరూ బంగ్లాదేశ్ మీదుగా బెంగాల్ చేరి అక్కడ్నుంచి రైలెక్కినవాళ్లే. ఈ 1,643 కిలోమీటర్ల కంచెతో దానికి సంబంధం తక్కువ.

వాళ్ల కథ కూడా అదే గేట్ల కథ. 1982 పౌరసత్వ చట్టంతో వాళ్లు ఏ దేశం వాళ్లూ కాకుండా పోయారు. 2017 ఆగస్టు 25న ఆర్సా అనే రోహింగ్యా సాయుధ సంస్థ పోలీసు ఠాణాల మీద దాడి చేస్తే, సైన్యం ఊళ్లకి ఊళ్లు తగలబెట్టింది, 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ పారిపోయారు. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమలుచేసి, అదే సైన్యం మిగిలిన రోహింగ్యా కుర్రాళ్లని పట్టుకెళ్లి, రఖైన్ బౌద్ధుల తిరుగుబాటు దళం అరకాన్ ఆర్మీ మీదికి పంపింది. పౌరులు కాదన్నవాళ్లకే యూనిఫాం తొడిగింది! దాంతో అరకాన్ ఆర్మీకి కూడా వాళ్లు శత్రువులయ్యారు. ఆ ఆగస్టు 5న మాంగ్‌డా దగ్గర నది ఒడ్డున పడవల కోసం కాసుకున్న కుటుంబాల మీద డ్రోన్ బాంబులు పడ్డాయి. పెనం మీంచి పొయ్యిలోకి అంటారే, అది.

డిసెంబరు 8కి మాంగ్‌డా పూర్తిగా అరకాన్ ఆర్మీ చేతిలోకి వచ్చింది. అంటే బంగ్లాదేశ్‌తో ఉన్న 271 కిలోమీటర్ల సరిహద్దులో ఒక్క అడుగు కూడా మయన్మార్ ప్రభుత్వం చేతిలో లేదు. ఢాకా వాళ్లు ఇప్పుడు జాలరి పడవ విడిపించుకోవాలన్నా ఎవరితో మాట్లాడాలి?

గోదారి_గట్టు:
మరి మన కలాదాన్ ప్రాజెక్టు సంగతి? అదీ ఆ పక్కేగా.

మ్యాపుల_పిచ్చోడు:
సరిగ్గా ఆ పక్కే. 2008లో ఒప్పందం. కోల్‌కతా నుంచి సిత్వే రేవుకి ఓడ, సిత్వే నుంచి పలెత్వాకి కలాదాన్ నది మీద పడవ, పలెత్వా నుంచి మిజోరం జోరిన్‌పుయికి 110 కిలోమీటర్ల రోడ్డు. ఈశాన్యాన్ని మిగతా దేశంతో కలిపే సిలిగురి ఇరుకు దారి తప్పించుకోడానికి. 2023 మేలో సిత్వే రేవు ప్రారంభించాం. 2024 జనవరిలో పలెత్వా అరకాన్ ఆర్మీ పట్టుకుంది. ఇవాళ రఖైన్ రాష్ట్రంలో 17 టౌన్‌షిప్పుల్లో 14 వాళ్లవి. సైన్యం చేతిలో మిగిలిన మూడింట్లో ఒకటి సిత్వే. అంటే ఓడ దిగే చోట ఒక గేటు, పడవ దిగే చోట ఇంకో గేటు, రెండూ బద్ధ శత్రువులవి. రోడ్డు మనం వేస్తాం, దాని మీద లారీ నడవాలంటే ఇద్దరూ ఊ అనాలి.

సూటిగా_చెప్తా:
మరి చైనా వాడికి ఇవేం ఇబ్బందులు లేవా? వాడెలా నెట్టుకొస్తున్నాడు?

మ్యాపుల_పిచ్చోడు:
మంచి ప్రశ్న అడిగారు, ఈసారి నిజంగా. చైనా అందరితోనూ మాట్లాడుతుంది, అందరి గొంతూ పట్టుకుంటుంది.

2023 అక్టోబరు 27. అందుకే దాన్ని ఆపరేషన్ 1027 అంటారు. ముగ్గురు అన్నదమ్ముల కూటమి అని మూడు దళాలు, కొకాంగ్ వాళ్ల ఎంఎన్‌డీఏఏ, తాంగ్ వాళ్ల టీఎన్‌ఎల్‌ఏ, అరకాన్ ఆర్మీ, ఉత్తర షాన్‌లో ఒకేసారి ఎన్నో సైనిక శిబిరాల మీద పడ్డాయి. అప్పటికి కొకాంగ్ రాజధాని లౌక్కాయ్‌లో సైబర్ మోసాల కేంద్రాలు పుట్టగొడుగుల్లా లేచి చైనా జనాన్నే దోచేస్తున్నాయి. సైనిక ప్రభుత్వానికి ఎన్నిసార్లు చెప్పినా కదల్లేదు. దాంతో బీజింగ్ చూసీ చూడనట్టు ఊరుకుంది. 2024 జనవరికి లౌక్కాయ్ పడింది. ఆగస్టు 3న లాషియో, ఏకంగా ఈశాన్య సైనిక కమాండ్ కేంద్రం పడింది. బర్మా చరిత్రలో ఒక ప్రాంతీయ కమాండ్ కేంద్రం తిరుగుబాటుదారుల చేతికి పోవడం అదే మొదటిసారి.

అక్కడితో బీజింగ్‌కి భయం పట్టుకుంది, మొత్తం ప్రభుత్వమే కూలితే ఎలాగని. గేట్లు మూసేసింది. కరెంటు, ఇంటర్నెట్, పెట్రోలు, మందులు ఆగిపోయాయి. 2025 ఏప్రిల్‌లో ఎంఎన్‌డీఏఏ, ఎంతో నెత్తురు పోసి పట్టుకున్న లాషియోని పువ్వుల్లో పెట్టి సైన్యానికి తిరిగిచ్చేసింది. చైనా పరిశీలకులు దగ్గరుండి అప్పగింత చూశారు. అక్టోబరులో టీఎన్‌ఎల్‌ఏ కూడా కెంపుల గనులున్న మొగోక్ వదిలేస్తానని సంతకం పెట్టింది.

తుపాకీతో గెలిచిన ఊరు గేటు మూయడంతో పోయింది. కచిన్‌లో మాత్రం చైనా పాచిక అంత తేలిగ్గా పారలేదు. 2024 అక్టోబరులో కచిన్‌ల తిరుగుబాటు దళం కేఐఏ పాంగ్వా వైపు అరుదైన ఖనిజాల గనులు పట్టుకుంది. మన విద్యుత్ కార్ల మోటార్లలో వేసే డిస్ప్రోసియం, టెర్బియం అక్కడ్నుంచే చైనా ఫ్యాక్టరీలకి పోతాయి. అవి ఆగితే చైనాకే నొప్పి.

సిక్కోలు_ఫౌజీ:
ఇవి విన్నాక మన పని ఎంత చిన్నదో తెలుస్తాది. మేం జలగలు పీక్కుంటూ మూడ్రోజులు గస్తీ తిరిగి ఒక నాటు తుపాకీ పట్టుకొచ్చేవాళ్లం.

మత్తు మందుల సంగతి ఎవరూ రాయలేదు. 2023లో అఫ్గానిస్తాన్‌ని దాటి నల్లమందు పండించడంలో మయన్మార్ ప్రపంచంలో మొదటి స్థానానికొచ్చింది. దానికంటే ఎక్కువ బాధ మత్తు మాత్రలు. మోరే, మిజోరంలో చంపాయ్, రెండు దారుల్లోనూ సబ్బు డబ్బాల్లో పెట్టి హెరాయిన్ తెస్తారు. ఒకసారి పట్టుకున్న డబ్బా తెరిస్తే నిజంగా సబ్బు వాసనే వచ్చింది. కంచె వేస్తే అది సముద్రం మీద పడతాది. 2024 నవంబరులో అండమాన్ దగ్గర బారెన్ ద్వీపం పక్కన కోస్ట్ గార్డు ఒక బర్మా పడవ పట్టుకుంటే అందులో సుమారు 6 టన్నుల మెత్ దొరికింది. అండమాన్‌లో మన తెలుగు జాలర్లు ఎంతమంది ఉన్నారో తెలుసుగా.

మేసోత్_రిటర్న్:
ఇది రోజూ చదువుతున్న, రాయాల్నా వద్దా అని ఆలోచించి ఇయ్యాల రాస్తున్న. మాది జగిత్యాల దిక్కు. ఊరు పేరు, ఏజెంటు పేరు రాయ, కేసు నడుస్తున్నది.

బ్యాంకాక్‌ల డేటా ఎంట్రీ జాబ్, నెలకు 80 వేలు అన్నడు. టికెట్ వాళ్లదే. ఎయిర్‌పోర్టుల ఒకడు నా ఫోటో చూపిచ్చి కార్ల ఎక్కించుకున్నడు. బ్యాంకాక్‌లనే ఆఫీసు అనుకున్న. ఏడెనిమిది గంటలు పోయింది కారు. చీకటైనంక ఒక వాగు ఒడ్డున దింపిండ్రు. అది మోయ్ నది అని నాకు తర్వాత తెల్సింది. మా ఊరి వాగు గూడ దానికంటె పెద్దగుంటది. పడవల అయిదు నిమిషాలు గూడ పట్టలె. దాటంగనే ఫోను, పాస్‌పోర్టు తీస్కున్నరు.

లోపల పెద్ద పెద్ద బిల్డింగులు, సూపర్ మార్కెట్, కటింగ్ షాపు అన్నీ ఉన్నయ్. నాకిచ్చిన పని అమ్మాయి ఫోటోతోని అమెరికాల ముసలోళ్లతో చాటింగ్ చేసుడు. టార్గెట్ కాకపోతే ఎండల గ్రౌండ్ చుట్టు ఉరకాలె, కరెంటు షాక్ గూడ చూసిన. ఇంటికి పోత అంటె ఆరు లక్షలు కట్టుమన్నరు.

నేను చెప్పాలనుకున్నది గేటు ముచ్చట. గేటు కాడ తుపాకులతోని యూనిఫాంల ఉన్నోళ్లను చూసి బర్మా మిలిటరీ అనుకున్న. ఒకరోజు దొంగతనంగ పోయి కాళ్లు పట్టుకున్న, నన్ను ఇండియా ఎంబసీకి అప్పజెప్పు అని. వాడు నవ్వి నన్ను తీస్కపోయి కంపెనీల అప్పజెప్పిండు. వాళ్లే కాపలా, వాళ్లే పోలీసులు, జాగ కిరాయి తీస్కునేది గూడ వాళ్లే అని అప్పుడు తెలిసింది. మీరు ఇన్ని పేర్లు రాసిండ్రు గద, వాళ్ల పేరేంది?

మ్యాపుల_పిచ్చోడు:
తమ్ముడూ, రాసినందుకు చేతులెత్తి దండం. వాళ్లు కరెన్ సరిహద్దు కాపలా దళం. ఒకప్పటి తిరుగుబాటుదారులే. 2010లో సైన్యం కిందికి వచ్చి, సరిహద్దు కాపలా దళం అని పేరు పెట్టించుకున్నారు. బదులుగా ఆ నది ఒడ్డు వాళ్లకి వదిలేశారు. సైబర్ మోసాల కేంద్రాలున్న ష్వే కొక్కో ఊరు అలా లేచిందే. నాయకుడు సా చిట్ తూ. 2024లో పేరు మార్చి కరెన్ నేషనల్ ఆర్మీ అన్నారు. ఆ ఏప్రిల్‌లో అసలు తిరుగుబాటు కరెన్‌లు థాయ్ సరిహద్దు పట్టణం మ్యావాడీ పట్టుకుంటే, రెండు వారాలు తిరక్కుండా మళ్లీ సైన్యం జెండా ఎగిరేలా చేసింది వీళ్లే.

2025 ఫిబ్రవరి 5న థాయ్‌లాండ్ ఆ ప్రాంతాలకి కరెంటు కోసేసింది. అయినా జనరేటర్లు, డాబాల మీద స్టార్‌లింక్ డిష్షులతో నడిపారు. అక్టోబరులో సైన్యం అక్కడి మోసాల కేంద్రం కేకే పార్క్ మీద దాడి చేశామని బాంబులు పెట్టి భవనాలు కూల్చిన ఫోటోలు వదిలింది. ఆ రోజుల్లోనే 2,500కు పైగా స్టార్‌లింక్ కనెక్షన్లు ఆ కంపెనీయే ఆపేసింది.

మేసోత్_రిటర్న్:
నేను మార్చిలనే వచ్చిన, 2025ల. మోయ్ నదికి ఇటు దిక్కు థాయ్‌లాండ్ ఊరు మే సోత్ నుంచి మన ఎయిర్‌ఫోర్స్ పెద్ద విమానం, ఢిల్లీ పక్క హిండన్‌ల దిగినం. మా బ్యాచ్‌ల 283 మంది, తెల్లారి ఇంకో 266 మంది వచ్చిండ్రు. తెలుగోళ్లు మస్తు మంది. విమానంల సీట్లు గోడల పొంటి ఉంటయి. ఎదురుంగ కూసున్నాయన ఏలూరు నుంచి అట. ఇద్దరం ఏం మాట్లాడుకోలె. దిగేటప్పుడు మాత్రం "తమ్ముడూ, ఇంట్లో ఏం చెప్తావ్" అని అడిగిండు.

గోదారి_గట్టు:
...

నిన్న రాత్రి చదివి ఏమీ రాయలేకపోయాను. ఇవాళ రాస్తున్నాను. నేను అడిగింది కంచె గురించి. ఇప్పుడు నాకు అర్థమైనంతవరకు, కంచె వేస్తే ఇటు ఒక గేటు మనది అవుతుంది, అటు గేటు ఎవరిదో మాత్రం ఏడాదికోసారి మారుతుంది. 2025 డిసెంబరు 28 నుంచి అక్కడ ఎన్నికలు పెట్టారుగా, అవేమైనా తేలుస్తాయా?

మ్యాపుల_పిచ్చోడు:
మూడు విడతలు పెట్టినా 330 టౌన్‌షిప్పుల్లో 65 చోట్ల పోలింగే లేదు. సూకీ పార్టీని 2023లోనే రద్దు చేశారు, ఆవిడ జైల్లో ఉండగానే. సైన్యం పార్టీ యూఎస్‌డీపీ గెలిచింది. ఆ 65 చోట్ల ఎవరు గెలిచారో మీకు ఇప్పటికే తెలుసు.

సూటిగా_చెప్తా:
నేనింకా కంచె వెయ్యాలనే అంటాను. అవతల ఎవడో తెలియనప్పుడు తలుపు వేసుకోవడం తప్పా? 2015 జూన్‌లో మణిపూర్ చందేల్‌లో 18 మంది జవాన్లని చంపినవాళ్లు అటు నుంచే కదా వచ్చింది.

సిక్కోలు_ఫౌజీ:
తప్పు కాదు బాబూ. ఆ రెజిమెంటు వాళ్లు నాకు తెలుసు. మైదానంలో, మోరే లాంటి చోట కంచె పనికొస్తాది, నేనే వెయ్యమంటాను. మిజోరం, నాగాలాండ్ శాసనసభలు రెండూ వద్దని తీర్మానం చేసినాయి. ఆ ఊళ్ల వాళ్లు చూసి చెప్పకపోతే నీకు ఏ కబురూ తెలీదు. నా సర్వీసులో పట్టుకున్న ప్రతి మనిషినీ ఏదో ఒక ఊరి పెద్ద చెప్తేనే పట్టుకున్నాం. వాడి చేను మధ్యలో కంచె వేసి, మర్నాడు వాడింటికెళ్లి కబురు చెప్పమంటే చెప్తాడా?

సూటిగా_చెప్తా:
ఆ ముక్క ఆలోచించాల్సిందే.

కొత్తగా_చేరాను:
నమస్తే అండీ, మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. గూగుల్‌లో మే సోత్ అని వెతికితే ఇది వచ్చింది. మా పిన్ని కొడుక్కి థాయ్‌లాండ్‌లో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌లో పది నిమిషాలు చేశారు. టైపింగ్ స్పీడు అడిగారట, డిగ్రీ అడగలేదు. టికెట్ వాళ్లే పంపారు. బ్యాంకాక్ దిగాక ఇంకో ఊరికి కారులో తీసుకెళ్తామన్నారు, ఊరి పేరు అడిగితే మే సోత్ అన్నారు. గురువారం రాత్రి శంషాబాద్ నుంచి ఫ్లైట్. పిన్ని చీటీ పాడి బట్టలు, సూట్‌కేసు కొంది. నేను చెబితే కుళ్లు అంటారు. ఏం చెయ్యాలి?

మేసోత్_రిటర్న్:
అక్కా, నంబరు ఇక్కడ పెట్టకు. నిర్వాహకుడికి మెసేజ్ చెయ్యి, ఆయన నాకిస్తడు. తమ్మునితోని నేను మాట్లాడత. ఇయ్యాల మంగళవారం, ఇంక రెండు రోజులున్నయ్. అప్పటిదాక పాస్‌పోర్టు నీ దగ్గర పెట్టుకో.

నిర్వాహకుడు:
ఇద్దరికీ మెసేజ్ పంపాను. చూసుకోండి.